పైపైనే కదా అనుకున్నాక భయం పట్టుకుంటే ఏం చేయాలి

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక మందుల షాపులో ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనుక నిలబడుతున్నాను. రాత్రి షట్టర్ సగం దించే వేళకు వచ్చేవాళ్లు కొందరుంటారు. ముందు దగ్గు మందు అడుగుతారు. పక్కనున్న మనిషి చిల్లర తీసుకుని వెళ్లేదాకా ఆ సీసా మీది అక్షరాలన్నీ చదువుతారు. తరువాత గొంతు తగ్గించి, "అన్నయ్యా, ఆ మాత్ర ఉందా?" అంటారు.

ఒక కుర్రాడు, పాతికేళ్లుంటాయి, ఒకే నెలలో మూడుసార్లు అలా వచ్చాడు. మూడోసారి మాత్ర ఇవ్వకుండా లోపలికి పిలిచి, స్టూలు వేసి, ఏం జరిగిందో అడిగాను. పెళ్లి కుదిరిన అమ్మాయి. ఇద్దరూ బట్టలైనా తీయలేదు. అయినా భయపడి మొదటి మాత్ర వేయించాడు. దాంతో ఆమె నెలసరి తేదీ తప్పింది. తేదీ తప్పేసరికి భయం రెట్టింపై రెండోది, ఇప్పుడు మూడోదానికి వచ్చాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ అతని కింది పెదవి మూలన గుత్తిగా నాలుగు నీటిపొక్కులు కనిపిస్తూనే ఉన్నాయి. వాటి గురించి అతను ఒక్క మాట అడగలేదు. రాని గర్భానికి రెండు మాత్రలు మింగించాడు, అంటుకునే పొక్కుతో ముద్దులు పెట్టాడు.

ఇన్నేళ్లలో నేను చూసింది ఇదే. భయం ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట కాపురం పెడుతుంది. పురుషాంగం యోనిలోకి వెళ్లకుండా సాగే సరసాల్లో, అంటే ముద్దులు, చేతులు, తొడలు, నోరు, బట్టల మీద రాపిడి వంటివాటిలో, గర్భం అవకాశం చాలా తక్కువ. కొన్ని జబ్బుల అవకాశం మాత్రం అంత తక్కువ కాదు. కాబట్టి కంగారుగా మందుల షాపుకు పరుగెత్తే ముందు వరుసగా ఈ పనులు చేయండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది పద్దెనిమిది నిండిన ఇద్దరు, ఇద్దరికీ ఇష్టమై దగ్గరైన సందర్భం గురించి. ఇష్టం లేకుండా జరిగినదైతే దారి వేరు. నేరుగా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి. కేసు పెట్టినా పెట్టకపోయినా ఉచితంగా వైద్యం చేయాల్సిన బాధ్యత వారిది. మహిళల హెల్ప్‌లైన్ 181.

ముందు కాగితం, పెన్ను

జరిగింది జరిగినట్టు గుర్తు చేసుకుని రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. మొదటిది: వీర్యం ఎక్కడ పడింది, తడిగా ఉండగా యోని ద్వారాన్ని తాకిందా? రెండోది: ఎవరి చర్మం, ఎవరి నోరు ఎక్కడ తగిలింది, అక్కడ పుండు, పొక్కు, గీత ఏమైనా ఉందా? మొదటి ప్రశ్న గర్భం లెక్క, రెండోది జబ్బుల లెక్క. ఈ రెండింటినీ కలిపితే ఒకటీ తేలదు. పక్కనే తేదీ, గంట, ఆమెకు కిందటి నెలసరి మొదలైన రోజు రాయండి. "మొన్న" అనే మాటతో ఏ లెక్కా కుదరదు. డాక్టరు కూడా మొదట అడిగేది ఈ మూడు అంకెలే.

గర్భం లెక్క

గర్భం రావాలంటే బతికున్న వీర్యకణాలు యోనిలోకి చేరి, గర్భాశయం దాటి, అండాన్ని కలవాలి. శరీరం లోపల అవి 5 రోజుల వరకు బతకగలవు. బయట వాటి ఆయుష్షు తడి ఉన్నంతసేపే. చర్మం మీదో బట్ట మీదో వీర్యం ఆరిపోతే ఆ కణాలూ పోయినట్టే, మళ్లీ నీళ్లు తగిలినా లేచి రావు. దీన్ని బట్టి మీ సందర్భం ఎక్కడ పడుతుందో చూడండి.

ముద్దులు, కౌగిలింతలు, ఒకే పక్క మీద పడుకోవడం, ఒకరి తువ్వాలు మరొకరు వాడటం, మరుగుదొడ్డి సీటు, చెరువులో కలిసి ఈత: వీటితో గర్భం రాదు. నోటితో చేసే సంభోగంలో వీర్యం మింగినా రాదు. కడుపుకూ గర్భసంచికీ లోపల దారి లేదు. ఇద్దరి మధ్యా బట్టలు ఉండగా జరిగిన రాపిడితోనూ భయం లేదు. పొందూరు ఖద్దరు ఎంత సన్నని నూలుతో నేసినా, ఆ నేతలోంచి ఈదుకుంటూ వచ్చి, ఇంకో బట్ట దాటి, లోపలికి చేరే వీర్యకణాల కథ నేను ఇంతవరకు వినలేదు.

చేతికి అంటిన వీర్యాన్ని తుడుచుకుని లేదా కడుక్కుని తరువాత తాకితే ఆందోళన అక్కర్లేదు. తడి చేతినే, వెంటనే, యోని లోపల పెడితే మాత్రం సున్నా అనలేం. అరుదే, కానీ కాగితం మీద రాసుకోండి.

నిజంగా లెక్కలోకి వచ్చేది ఒక్కటే. బట్టలు లేకుండా అంగాలు ఒకదానికొకటి తగలడం, తొడల మధ్య చేస్తుండగా యోని ద్వారం మీదో దాని పక్కనో స్ఖలనం జరగడం. లోపలికి వెళ్లకపోయినా, కన్యపొర చెక్కుచెదరకపోయినా, ఇలా గర్భం వచ్చిన సందర్భాలు వైద్యులకు తెలిసినవే. స్ఖలనానికి ముందు వచ్చే జిగురు నీటిలో కూడా కొందరిలో వీర్యకణాలు ఉంటాయి, కాబట్టి "బయటే తీసేశాను" అనేది పూచీ కాదు.

ఇక రోజుల సంగతి. అండం సాధారణంగా రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు విడుదలై ఒక రోజు బతుకుతుంది. వీర్యకణాల 5 రోజులు దానికి ముందు కలపండి, అదీ గర్భం నిలిచే కాలం. 28 రోజులకు ఠంచనుగా వచ్చేవారికి ఈ లెక్క కొంత పనికొస్తుంది. ఒక నెల 25, ఒక నెల 35 అయ్యేవారు దీన్ని నమ్ముకోకూడదు.

వెంటనే కడుక్కోవచ్చా అని అడుగుతారు. పైన మామూలు నీళ్లతో కడుక్కోండి, మంచిదే. లోపలికి సబ్బు నీళ్లు, డెటాల్, నిమ్మరసం పోయకండి. గర్భం ఆగదు, మంట మిగులుతుంది, లోపలి పొర దెబ్బతిని జబ్బులకు దారి తెరుచుకుంటుంది. నువ్వుల చిమ్మిలి, బొప్పాయి కూడా తినే వస్తువులే తప్ప గర్భాన్ని ఆపే మందులు కావు. చిమ్మిలిని ఇష్టంగా తినండి, భయంతో కాదు.

"ఆ మాత్ర" అంటే ఏ మాత్ర?

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు కౌంటర్ దగ్గరే జరుగుతాయి. "ఆ మాత్ర" అనే ఒక్క పేరుతో జనం మూడు వేర్వేరు మందులు అడుగుతారు.

ఒకటి, అత్యవసర గర్భనిరోధక మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకే ఒక్క మాత్ర. చీటీ లేకుండా దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా అడగవచ్చు. రెండోది, నెలసరిని వాయిదా వేసే నోరెథిస్టిరాన్. పెళ్లికో, అరసవల్లి దర్శనానికో తేదీ అడ్డొస్తుందని వాడేది ఇదే. జరిగిపోయినదానికి ఇది మందు కాదు. మూడోది, గర్భస్రావం మాత్రలు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. వీటిని డాక్టరు చీటీ లేకుండా అడగకూడదు, మేము అమ్మకూడదు. గర్భం గర్భసంచిలో కాకుండా గొట్టంలో నిలిచిందేమో చూడకుండా ఇవి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పేరు చెప్పడానికి సిగ్గయితే చీటీ మీద రాసి ఇవ్వండి, లేదా "మూడు రోజుల లోపు వేసుకునే మాత్ర" అనండి. మాకు అర్థమవుతుంది.

మీ కాగితంలో "తడి వీర్యం యోని ద్వారాన్ని తాకింది" అని ఉంటేనే మొదటి మాత్ర ఆలోచించండి. 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. నాలుగు, ఐదు రోజులకు కూడా కొంత ఫలితం ఉండవచ్చు, కానీ బాగా తగ్గిపోతుంది. వేసుకున్న 2 గంటల లోపు వాంతి అయితే మరో మాత్ర వేసుకోవాలి. ఇది అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అంతే. అప్పటికే గర్భం నిలిచి ఉంటే దాన్ని తీసేయదు, పాడూ చేయదు. రేపు జరగబోయేదానికి ఈరోజు మాత్ర కాపలా కాయదు.

టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు ఫెనిటాయిన్ లేదా కార్బమజెపైన్ వాడుతున్నా ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అవి ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. అలాంటివారికి, నాలుగైదు రోజులు గడిచిపోయినవారికి గర్భసంచిలో పెట్టే కాపర్ టీ మేలు. 5 రోజుల లోపు వేయించుకుంటే మాత్ర కన్నా గట్టిగా పని చేస్తుంది. విజయనగరంలో ఆడవాళ్లు ఘోషా ఆసుపత్రికి వెళ్లి అడగవచ్చు. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే పిలిచేది, అక్కడ స్త్రీల విభాగంలో అడగండి.

మాత్ర తరువాత వికారం, తలనొప్పి, అక్కడక్కడ రక్తం మరక, నెలసరి కొద్ది రోజులు అటూ ఇటూ కావడం మామూలే. ఆ కుర్రాడు పడిన గుంత ఇదే. మాత్ర వల్ల ఆలస్యమైన నెలసరిని చూసి గర్భం అనుకున్నాడు.

పరీక్ష ఎప్పుడు

మరునాడే పరీక్ష పట్టీ కొనుక్కెళ్లేవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వాలనిపిస్తుంది. గర్భం నిలిచాక దాని హార్మోను మూత్రంలో తెలిసే స్థాయికి రావడానికి రోజులు పడుతుంది. నెలసరి తేదీ దాటాక, తేదీలు స్థిరంగా లేనివారు ఆ సంఘటన జరిగిన 3 వారాలకు పరీక్ష చేసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర 'నిశ్చయ్' కిట్ ఉచితంగా దొరుకుతుంది. మీ వీధి ఆశా మీ పిన్ని వరసైతే షాపులో కొనుక్కోండి, ఎవరూ తప్పు పట్టరు.

పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన పొడి గిన్నెలో పట్టండి. డ్రాపర్‌తో రెండు మూడు చుక్కలు గుంటలో వేసి, పట్టీని చదునైన చోట ఉంచి, పెట్టె మీద రాసినన్ని నిమిషాలు, మామూలుగా అయిదు, ఆగండి. 'సి' దగ్గర ఒక్క గీత వస్తే గర్భం లేనట్టు. 'సి', 'టి' రెండు చోట్లా వస్తే, రెండోది లేతగా ఉన్నా సరే, ఉన్నట్టే అనుకుని డాక్టరును కలవండి. 'సి' దగ్గర ఏదీ రాకపోతే పట్టీ పాడైంది. ఒకావిడ ముందురోజు చేసిన పట్టీని పొట్లం కట్టి తెచ్చి, సన్నని బూడిద రంగు గీత చూపించి ఏడ్చింది. పట్టీ ఆరిపోయాక అలాంటి గీతలు కొన్నిసార్లు వస్తాయి, వాటికి విలువ లేదు. ఆమె కొత్త పట్టీతో చేస్తే ఒకటే గీత వచ్చింది. లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి.

ఉందని తేలితే నాటు వైద్యం జోలికి వెళ్లకండి. 1971 నాటి గర్భస్రావ చట్టం, 2021 సవరణతో కలిపి, పెళ్లికాని మహిళకు కూడా వర్తిస్తుంది. 20 వారాల వరకు ఒక అర్హుడైన డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిది నిండిన మహిళకు ఆమె సంతకం తప్ప ఇంకెవరి సంతకం అక్కర్లేదు, వివరాలు గోప్యంగా ఉంచాలి.

జబ్బుల లెక్క

ఇప్పుడు రెండో ప్రశ్న. కొన్ని జబ్బులు వీర్యం, రక్తం వంటి ద్రవాలతో వస్తాయి, కొన్నింటికి చర్మం చర్మానికి తగిలితే చాలు. పైపైన సరసాల్లో ఎక్కువ చూడాల్సింది ఈ రెండో రకాన్నే.

హెర్పీస్‌తో మొదలుపెడతాను. జ్వరం వచ్చినప్పుడు "పెదవి పేలింది" అంటామే, అది చాలాసార్లు ఈ వైరస్ పనే. చిన్నప్పుడే ముద్దుల వల్ల చాలామందికి వచ్చి ఉంటుంది, సిగ్గుపడాల్సిన జబ్బు కాదు. కానీ పెదవి పేలి ఉన్నప్పుడు నోరు జననాంగాలకు తగిలితే అక్కడా అదే వైరస్ చేరుతుంది. ముందు చురుకు, తరువాత గుత్తిగా నీటిపొక్కులు, పగిలి మంట. పొక్కు లేనప్పుడు కూడా కొంత అంటుకునే అవకాశం ఉంది. మందులు దాన్ని అదుపు చేస్తాయి తప్ప ఒంట్లోంచి తరిమేయవు. కాబట్టి పెదవి జిలజిలలాడిన రోజు నుంచి చెక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా ముద్దూ లేదు, ఆ పనీ లేదు.

సిఫిలిస్ దీనికి తిరగబడ్డ జబ్బు. పుండు వస్తుంది, నొప్పి ఉండదు. తగిలిన సుమారు 3 వారాలకు, కొందరికి 10 రోజులకే, కొందరికి 90 రోజులకు, జననాంగం మీదో పెదవి మీదో గట్టి అంచుతో ఒక్క పుండు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఆ సమయంలో ఎవరో చెప్పిన ఆయింట్‌మెంట్ రాసి ఉంటారు, అదే తగ్గించిందని నమ్ముతారు. జబ్బు లోపలే ఉండి తరువాత అరచేతులు, అరికాళ్ల మీద మచ్చలుగా లేస్తుంది. తొలిదశలో పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పూర్తిగా నయమవుతుంది. నొప్పి లేని పుండు కనిపిస్తే నా దగ్గరికి ట్యూబు కోసం రాకండి, రక్తపరీక్షకు వెళ్లండి.

హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల పులిపిర్లు వస్తాయి. దానిలో మరికొన్ని రకాలు ఏళ్ల తరబడి ఉండిపోతే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారి తీస్తాయి. రాపిడి, చేయి, నోరు అన్నింటితోనూ అంటవచ్చు. దీనికి టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం ఉత్తమం, 26 ఏళ్ల వరకు కూడా వేయించుకోవచ్చు. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. ముప్పై దాటిన మహిళలు క్యాన్సర్ పరీక్ష మాత్రం మానకూడదు.

గజ్జి, జననాంగాల దగ్గర పేలు ఒళ్లు ఒళ్లు తగిలితే చాలు వస్తాయి, కండోమ్ అడ్డుకోదు. రాత్రి పూట దురద ఎక్కువైతే అనుమానించండి. గజ్జికి పర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుంచి కాలి వేళ్ల దాకా రాసి రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్లీ రాయాలి, ఇద్దరూ ఒకే రోజు రాసుకోవాలి. ఒకరే రాసుకుంటే అది ఇద్దరి మధ్య బంతాటే.

సెగరోగం, అంటే గనేరియా, నోటి సంభోగంతో గొంతులో చేరుతుంది. గొంతులో ఉంటే చాలామందికి ఏమీ తెలియదు. మూత్రంలో మంట, చీము కనిపించేది సాధారణంగా జననాంగాలకు వచ్చినప్పుడే.

హెచ్‌ఐవీ గురించి సూటిగా చెబుతాను. ముద్దు, లాలాజలం, చెమట, చేత్తో తాకడం, పుండులేని చర్మం మీద వీర్యం పడటం వల్ల రాదు. నోటితో అయితే అవకాశం చాలా తక్కువ, కానీ నోటిలో పుండు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే పెరుగుతుంది. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందని తెలిసి, పుండుకు లేదా నోటికి వీర్యమో రక్తమో తగిలితే 72 గంటల లోపు పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. అవసరమని డాక్టరు తేలిస్తే 28 రోజుల మందులు ఇస్తారు. హెపటైటిస్ బి కూడా ద్రవాలతోనే వస్తుంది. పెద్దవారిలో చాలామందికి ఆ టీకా పడి ఉండదు, 0, 1, 6 నెలలకు మూడు డోసులు వేయించుకుంటే ఆ బెంగ తీరుతుంది.

ఎక్కడికి, ఎన్ని రోజులకు

మావాళ్ల తీరు ఒకటుంది. శ్రీకాకుళం మనిషి తెలిసినవాళ్లు చూస్తారని పరీక్షకు విజయనగరం బస్సెక్కుతాడు, విజయనగరం మనిషి అదే భయంతో శ్రీకాకుళం వస్తాడు. రణస్థలం దగ్గర ఇద్దరి బస్సులూ ఎదురుపడతాయి. వెళ్లండి, అందులో తప్పులేదు, వెళ్లడమే ముఖ్యం.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే గది ఉంటుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ముందూ తరువాతా కౌన్సెలర్ మాట్లాడతారు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు, 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెప్పేది అదే. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్ ఉంటుంది. అక్కడ మందులు రంగుల పెట్టెల్లో ఇస్తారు. మూత్రంలో చీముకు బూడిద రంగు, హెర్పీస్‌కు ఎరుపు. రంగు చూసి పక్కవాడి పెట్టె మీరు వాడకండి. గది ఎక్కడో తెలియకపోతే 1097కు ఫోను చేయండి, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పుండు, చీము, గజ్జల్లో బిళ్లలు, పొత్తికడుపు నొప్పి ఉంటే తేదీలు లెక్కపెట్టకుండా ఈరోజే వెళ్లండి. ఏ లక్షణమూ లేకపోతే గనేరియాకు, అలాంటిదే మరో సుఖవ్యాధి క్లమిడియాకు 2 వారాల తరువాత, సిఫిలిస్‌కు 6 వారాలకు, మళ్లీ 3 నెలలకు చేయించుకోండి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చేసే హెచ్‌ఐవీ పరీక్షలో లేదని వస్తే 3 నెలలకు మరోసారి చేయించుకుంటే తేలిపోతుంది. ఈ తేదీలను గోడ క్యాలెండరులో పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ఏమిటని ఇంట్లో అడిగితే గ్యాసు బండ తేదీ అనండి.

తరువాతిసారికి

అంగాలు తగిలే అవకాశం ఉంటే కండోమ్ ముందే తొడగండి, చివర్లో కాదు. నోటి సంభోగానికీ కండోమ్ వాడవచ్చు. స్త్రీకి నోటితో చేసేటప్పుడు వాడే పల్చని రబ్బరు పొర మన షాపుల్లో అడిగితే మా ముఖాలు చూడాల్సి వస్తుంది. దాని బదులు కండోమ్ కొసను, అంచు ఉంగరాన్ని కత్తిరించి, పక్కన నిలువునా కోస్తే దీర్ఘచతురస్రపు పొర వస్తుంది. దాన్ని మధ్యలో ఉంచాలి, ఒకవైపు వాడినది తిప్పి వాడకూడదు. కొబ్బరినూనె రబ్బరును పాడు చేస్తుంది, నీటితో చేసిన జెల్ అడగండి.

అదే రోజు గడ్డమో కింది వెంట్రుకలో నున్నగా గీయకండి, కనిపించని గీతల్లోంచే వైరస్‌లు దూరతాయి. అప్పుడే పళ్లు తోముకుని నోటితో చేయడం కూడా అంతే, చిగుళ్లు గీసుకుంటాయి, నీళ్లు పుక్కిలిస్తే చాలు. గోళ్లు కత్తిరించుకోండి, చేతులు కడుక్కోండి.

డాక్టరు దగ్గర మాట పెగలకపోతే ఆ కాగితం ముందుకు జరపండి. ఎప్పుడు, ఏది దేనికి తగిలింది, ఇప్పుడేం కనిపిస్తోంది. చికిత్స ఇస్తే అవతలి మనిషికీ ఇప్పించండి, ఇద్దరికీ తగ్గిందని చెప్పేదాకా ఆగండి.

ఆ కుర్రాడికి ఆ రాత్రి మాత్ర అమ్మలేదు. ఒక పరీక్ష పట్టీ ఇచ్చి, ఎప్పుడు చేయించాలో పెట్టె మీద తేదీ రాశాను. పెదవి పొక్కు గురించి రెండు నిమిషాలు చెప్పాను. వెళుతూ వెళుతూ దగ్గు మందు సీసా కౌంటర్ మీదే వదిలేశాడు.